రోగినే అడిగే శాస్త్రం

గుణాత్మక ఆరోగ్య పరిశోధన అంటే జబ్బునూ వైద్యాన్నీ మనుషుల మాటల్లో, నడతలో, బతుకుతెరువులో వెతికి అర్థం చేసుకునే శాస్త్ర పద్ధతి. ఎంతమందికి జబ్బు ఉంది, ఏ వయసులో వస్తోంది, ఎంతమంది చనిపోతున్నారు అన్న ప్రశ్నలకు గణాంకాలు జవాబిస్తాయి. జబ్బని తెలిసీ ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదు, మందు మధ్యలో ఎందుకు మానేశారు, ఎవరి మాట విని ఏ వైద్యుడి గడప తొక్కారు, ఇంట్లో ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబు మనుషులతో కూర్చుంటే తప్ప దొరకదు. అలా కూర్చోవడాన్నే వృత్తిగా చేసుకున్నవాళ్లు ఆరోగ్య రంగంలో పనిచేసే సామాజిక శాస్త్రవేత్తలు. మానవశాస్త్రం, సమాజశాస్త్రం, సామాజిక సేవ, మనస్తత్వ శాస్త్రం చదివి వీళ్లు ఈ రంగంలోకి వస్తారు.

ఈ పని అవసరం ఎక్కడ పడుతుందో చూడడానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మంచి ఉదాహరణ. 2019లో అచ్చయిన ఒక సర్వేలో అక్కడి 2,210 మంది వయోజనులను పరీక్షించారు. వాళ్లలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కనిపించింది. ఆ రోగుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణమేదీ లేదు. సమస్య ఎంత పెద్దదో ఈ అంకె చెబుతుంది. అయితే కాళ్లు వాచిన మనిషి ఆరు నెలలు ఎందుకు ఆగాడో, డయాలసిస్‌కు వెళ్లే రోజున ఇంట్లో ఎవరి కూలి పోతోందో, కొత్తగా వేసిన కుళాయి నీళ్లు వదిలి పాత బావి నీళ్లే ఎందుకు తాగుతున్నారో అది చెప్పదు. ఈ రెండో రకం సంగతులు తెలియకుండా వేసిన పథకం సగమే పనిచేస్తుంది.

వృత్తి పుట్టిన తీరు

ఉత్తరాంధ్ర కొండలకు ఇలాంటి పరిశీలన కొత్తేమీ కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ అక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చారు. ఆ భాషకు నిఘంటువులు కూర్చారు. 1931లో సవర భాషా వివరణ గ్రంథం వెలువరించారు. కొండల్లో తిరిగిన కాలంలో మలేరియా సోకిందనీ, వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నదనీ ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. గిడుగు ఆరోగ్య పరిశోధకుడు కారు. అయినా ఈ వృత్తికి మొదటి షరతు ఏమిటో ఆయన జీవితం చూపించింది: ఎవరి సంగతి తెలుసుకోవాలో వాళ్ల భాష నేర్వాలి.

తర్వాతి తరంలో మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ సరిహద్దుకు ఆవల ఒడిశాలోని గంజాం, కోరాపుట్ కొండల్లో సవరల మధ్య తిరిగి 1955లో వాళ్ల మతజీవితంపై పెద్ద గ్రంథం ప్రచురించారు. అందులో చాలా సంగతులు రోగానికి సంబంధించినవే. ఏ జబ్బుకు ఏ పితృదేవత కారణమనుకుంటారు, దానికి ఏ పూజ, ఇంటి గోడ మీద ఏ బొమ్మ అన్నది ఆయన వివరంగా నమోదు చేశారు. ఇళ్ల గోడల మీద బియ్యప్పిండితో వేసే సవర చిత్రాలను ఈ రోజు కళాఖండాలుగా అమ్ముతున్నారు. పాతకాలంలో వాటికి పితరులను శాంతింపజేయడం, రోగాన్ని ఇంటి నుంచి మళ్లించడం అన్న పని ఉండేది.

భారతదేశంలో ఈ విద్యను ఆరోగ్య విధానంలోకి తెచ్చిన పరిశోధన క్షయ మీద జరిగింది. బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థలో దేబబర్ బెనర్జీ అనే వైద్యుడు చేరారు. ఆయన మానవశాస్త్రం కూడా చదివినవారు. పల్లె జనానికి జబ్బు లక్షణాలే తెలియవనీ, తెలిసినా పట్టించుకోరనీ, అందుకే ఇంటింటికీ ఎక్స్‌రే వాహనం తిప్పాలనీ అప్పట్లో నిపుణుల నమ్మకం. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నట్టు తేలినవాళ్లనూ లేనివాళ్లనూ వాళ్ల ఇళ్ల దగ్గరే కలిసి మాట్లాడించారు. ఎవరికి జబ్బు ఉందో అడిగేవాళ్లకు తెలియకుండా జాగ్రత్తపడ్డారు. 1963లో అచ్చయిన ఫలితాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులకు లక్షణాలు తెలుసు. సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్లి వచ్చారు. చాలామందికి అక్కడ దగ్గు మందు ఇచ్చి పంపించేశారు. లోపం జనం అజ్ఞానంలో లేదు, ఆసుపత్రి బల్లకు అవతలి వైపు ఉంది. క్షయ కార్యక్రమాన్ని మామూలు ఆసుపత్రుల్లోనే కలిపి నడపాలన్న ఆలోచనకు ఈ పరిశోధన బలమిచ్చింది. బెనర్జీ తర్వాత ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో సామాజిక వైద్య కేంద్రాన్ని నిర్మించి, రెండు తరాల పరిశోధకులను తయారు చేశారు.

ఇదే కాలంలో అమెరికాలో సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ 1961లో మానసిక చికిత్సాలయాల లోపలి జీవితంపైనా, 1963లో సామాజిక కళంకంపైనా పుస్తకాలు రాశారు. బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ ఆసుపత్రుల్లో మరణం దగ్గరపడ్డ రోగులకు, సిబ్బందికి మధ్య మాటలు ఎలా నడుస్తాయో గమనించారు. ఆ అనుభవం నుంచే, ముందే సిద్ధాంతం పెట్టుకోకుండా సేకరించిన సమాచారం నుంచి సిద్ధాంతాన్ని కట్టుకొచ్చే పద్ధతిని 1967లో ప్రతిపాదించారు. మానసిక వైద్యుడు ఆర్థర్ క్లీన్‌మన్ తైవాన్‌లో పనిచేసి, ప్రతి రోగికీ తన జబ్బు గురించి తనదైన వివరణ ఉంటుందని, వైద్యుడు దాన్ని అడిగి తెలుసుకోవాలని చూపించారు. జబ్బుకు కారణం ఏమనుకుంటున్నారు, అప్పుడే ఎందుకు మొదలైంది, దాని వల్ల ఏం భయపడుతున్నారు వంటి ఆయన ప్రశ్నలు 1978 నుంచి వైద్య విద్యలోనూ వాడుకలోకి వచ్చాయి. 1991లో జానిస్ మోర్స్ సంపాదకత్వంలో గుణాత్మక ఆరోగ్య పరిశోధనకే ప్రత్యేకమైన పత్రిక మొదలైంది. దాంతో ఈ పని ఒక గుర్తింపు పొందిన వృత్తిగా నిలదొక్కుకుంది.

సవరల మధ్య నాలుగు దశాబ్దాలు

ఒక పరిశోధకుడి జీవితకాలం ఒకే జనం చుట్టూ ఎలా తిరుగుతుందో బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్స్కీ కృషిలో కనిపిస్తుంది. ఆయన 1970ల మధ్యలో ఒడిశా వైపు సవర కొండలకు వచ్చారు. భాష నేర్చి, పల్లెల్లో ఉండి, చనిపోయినవాళ్లతో బతికున్నవాళ్లు మాట్లాడే తంతులను ఏళ్ల తరబడి విన్నారు. ఆ తంతుల్లో పూనకం వచ్చిన షామన్ నోట చనిపోయిన మనిషి మాట్లాడతాడు. చుట్టూ కూర్చున్న బంధువులు అతన్ని నిలదీస్తారు, తిడతారు, ఏడుస్తారు, నవ్విస్తారు, బేరమాడతారు. షామన్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. ఒక జబ్బుతో పోయినవాడు అదే జబ్బును బతికున్న బంధువుకు తగిలిస్తాడన్నది ఆ నమ్మకం. అందుకే రోగికి చికిత్స అంటే చనిపోయినవాడితో జరిపే సంభాషణే. ఆ సంభాషణ ఒక్క పూటలో తెగదు, సంవత్సరాలు సాగుతుంది. పోయినవాడి కోపం నెమ్మదిగా చల్లారి, చివరికి అతను కుటుంబాన్ని కాపాడే పితరుడిగా మారతాడు. 1993లో ప్రచురించిన పుస్తకంలో విటెబ్స్కీ ఈ వ్యవస్థను దుఃఖాన్ని మోయడానికి ఒక సమాజం తయారు చేసుకున్న పకడ్బందీ ఏర్పాటుగా వివరించారు.

ఆయన కొండలకు వస్తూనే ఉన్నారు. ఈలోగా సవర యువతరం పెద్ద సంఖ్యలో బాప్టిస్టు క్రైస్తవంలోకి మారింది. పాత తంతులు ఆగిపోయాయి. చనిపోయినవాళ్లతో మాట్లాడడం మానేసిన సమాజం తన దుఃఖాన్ని ఎలా మోస్తుంది అన్న ప్రశ్నతో 2017లో ఆయన మరో పుస్తకం రాశారు. ఆయన ఉద్యోగం చేసింది కేంబ్రిడ్జిలోని ధ్రువ ప్రాంత పరిశోధన సంస్థలో. సైబీరియా రెయిన్‌డీర్ కాపరుల మీద కూడా ఆయన అంతే దీర్ఘకాలం పనిచేశారు. రెండు సందర్శనల మధ్య కాలం గడవడం కూడా ఇలాంటి పరిశోధనలో సమాచారమే. ఒకసారి వచ్చి మూడు వారాల్లో సర్వే ముగించుకొని వెళ్లినవాళ్లకు ఆ మార్పు కనిపించే వీలు లేదు.

చదువు, తొలి ఉద్యోగం

ఈ వృత్తిలోకి వచ్చే తెలుగు విద్యార్థికి మొదటి మెట్టు సాధారణంగా స్నాతకోత్తర పట్టా. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం మానవశాస్త్రం, సమాజశాస్త్రం బోధిస్తాయి. ఎచ్చెర్లలో 2008లో స్థాపించిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు దగ్గరలో ఉన్నాయి. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లోని భారతీయ ప్రజారోగ్య సంస్థ, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం వంటి చోట్లకు వెళ్తారు.

తొలి ఉద్యోగం చాలావరకు క్షేత్ర పరిశోధకుడిది. ఏదో ఒక ప్రాజెక్టులో ఏడాదికో రెండేళ్లకో ఒప్పందం కుదురుతుంది. పల్లెల్లో ఇంటర్వ్యూలు చేయడం, వాటిని వినిపించినట్టే రాయడం, ఇంగ్లీషులోకి మార్చడం పని. తర్వాత పరిశోధన సహాయకుడు, పీహెచ్‌డీ, ఆపై అధ్యాపకుడో సంస్థలో శాస్త్రవేత్తో కావచ్చు. ప్రాజెక్టుకు ప్రాజెక్టుకు మధ్య జీతం లేని నెలలు ఈ దారిలో సాధారణం. అందుకే అనుభవం గడించిన క్షేత్ర పరిశోధకులు చాలామంది వృత్తి మానేసి వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. ఒక ఊరి మాటతీరు తెలిసిన మనిషి వెళ్లిపోతే, కొత్తవాడు ఆ చోటికి రావడానికి ఏళ్లు పడుతుంది.

క్షేత్రంలో పని

పని మొదలయ్యేది ప్రశ్నపత్రంతో కాదు, వేళతో. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు కర్మాగారాల్లో పనిచేసే ఆడవాళ్లు పగలు ఇంటి దగ్గర దొరకరు. శ్రీకాకుళం తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వరకు వెళ్లి నెలల తరబడి పడవల మీద పనిచేస్తారు. విజయనగరం పల్లెల నుంచి హైదరాబాద్, విజయవాడ, చెన్నైలకు కట్టుబడి పనులకు వలస పోతారు. పొద్దున్న పదకొండు గంటలకు ఇంటింటికీ తిరిగే సర్వేకు ముసలివాళ్లు, చిన్న పిల్లలు తగులుతారు. ఎండలో పనిచేసే మనిషి, జబ్బు గురించి ఎవరిని అడగాలో ఆ మనిషే, జాబితాలో ఉండడు. రాత్రి భోజనాల తర్వాత వీధి అరుగు మీదో, సంక్రాంతికి వలస కూలీలు ఊరొచ్చినప్పుడో జరిగే ఇంటర్వ్యూకు ఉండే విలువ అందుకే వేరు.

పద్ధతులు ప్రధానంగా నాలుగు. ఒక్కొక్కరితో ఏకాంతంగా సాగే లోతైన ఇంటర్వ్యూ మొదటిది. ఆరు నుంచి పది మందిని కూర్చోబెట్టి నడిపే బృంద చర్చ రెండోది. ఆసుపత్రి వరండాలోనో, మందుల దుకాణం ముందో నిలబడి జరిగేది చూసి రాసుకునే పరిశీలన మూడోది. ఆసుపత్రి చీటీలు, అప్పు పత్రాలు, ఆశా కార్యకర్త రిజిస్టర్ వంటి కాగితాలను చదవడం నాలుగోది. ఊళ్లోవాళ్లతో నేల మీద ముగ్గుపిండితో గ్రామ పటం వేయించడం, ఏ నెలలో పని, ఏ నెలలో అప్పు, ఏ నెలలో జబ్బు ఎక్కువో గింజలు పెట్టి చూపించమనడం వంటి పద్ధతులు కూడా వాడతారు. చదువు రానివాళ్లు కూడా వీటిలో సమానంగా పాల్గొంటారు.

ప్రశ్న అడిగే తీరే ఈ వృత్తిలో నైపుణ్యం. "మీకు కిడ్నీ జబ్బు ఎందుకొచ్చింది?" అని అడిగితే వచ్చే జవాబు ఇంతకుముందు వచ్చిన డాక్టరో, టీవీవాళ్లో చెప్పిపోయినదై ఉంటుంది. "మొదటిసారి ఒంట్లో తేడా తెలిసిన రోజు నుంచి చెప్పండి పెద్దమ్మా" అని అడిగితే సొంత కథ మొదలవుతుంది. నమూనాగా ఇలాంటి జవాబును తీసుకోవచ్చు: "కాళ్లు వాసినాయి బావూ. తోటలో నిలబడి నిలబడి వాసినాయనుకున్నాం. ఒళ్లు నొప్పులకి బిళ్లలేసుకున్నాను. ఊళ్లో డాట్రు సూదేసినాడు, తగ్గినట్టే ఉండేది. పెద్దాసుపత్రికెల్తే కిరాటినంటారని భయమేసి ఎల్లలేదు."

ఈ ఐదు వాక్యాలను విశ్లేషకుడు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక గుర్తు పెడతాడు. వాపును పని అలసటగా లెక్కగట్టడం ఒకటి. మూత్రపిండాలకు హాని చేయగల నొప్పి బిళ్లలను సొంతంగా వాడడం రెండోది. మొదటి వైద్యుడు ఊళ్లోని ఆర్‌ఎంపీ కావడం మూడోది. తాత్కాలిక ఉపశమనాన్నే నయం కావడంగా నమ్మడం నాలుగోది. జబ్బు కన్నా దాని పేరుకే ఎక్కువ భయపడడం ఐదోది. సీరం క్రియాటినిన్ అనే ప్రయోగశాల మాట ఉద్దానంలో ఇంటింటి మాటైపోవడం ఈ భయానికి నేపథ్యం. ఇలాంటి గుర్తులను పదుల ఇంటర్వ్యూల్లో పోల్చి చూస్తే కొన్ని అంశాలు పదేపదే తేలతాయి. ఇంకా ఎంతమందిని అడిగినా కొత్త సంగతి రాని దశకు చేరినప్పుడు సేకరణ ఆపుతారు. ఈ విశ్లేషణకు వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో రాసిన మెట్ల వరుస ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఎన్‌వివో, అట్లాస్ వంటి సాఫ్ట్‌వేర్లు గుర్తులను పేర్చిపెడతాయి. అర్థం చెప్పే పని మాత్రం మనిషిదే.

ఉద్దానం పాఠం

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య విస్తరించిన ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చుతోంది. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వైద్యులు, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, గీతం విశ్వవిద్యాలయం, జార్జ్ ఇన్‌స్టిట్యూట్, విదేశీ నిపుణులు ఎందరో ఇక్కడ పరిశోధించారు. తాగునీటిలో సిలికా, పురుగుమందులు, భార లోహాలు, ఎండలో శ్రమ వల్ల ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం అంటూ అనేక కారణాలు పరిశీలనకు వచ్చాయి. ఏ ఒక్క కారణమూ ఇంతవరకు రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇదే తీరు జబ్బు ఉంది.

నికరాగువాలో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వైద్యులతో, మందుల దుకాణదారులతో ఇంటర్వ్యూలు చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ప్రస్తావించదగ్గది. మూత్రంలో మంటను అక్కడి కూలీలు చిస్తాతా అంటారు. ఎండలో పనిచేసిన మగవాళ్లలో ఇది సర్వసాధారణం. దాన్ని మూత్రపిండాల ఇన్ఫెక్షన్ అని భావించి యాంటీబయాటిక్‌లు, మూత్రం ఎక్కువ పోయే మందులు, నొప్పి బిళ్లలు ఇస్తున్నారు. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి ఆ మందులే మూత్రపిండాలను మరింత దెబ్బతీయగలవు. రక్తపరీక్షతో బయటపడని ఈ సంగతి దుకాణదారుతో తీరిగ్గా మాట్లాడితే బయటపడింది. ప్రయోగశాల తర్వాత ఏ దిశలో వెతకాలో ఇలాంటి అధ్యయనమే చెబుతుంది.

ఉద్దానంలో ప్రభుత్వ చర్యలు కూడా ఇలాంటి పరిశీలనకు వస్తువులే. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి ఇంటింటికీ నీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు డయాలసిస్ కోసం సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ వెళ్లేవాళ్లు. ఇప్పుడు సోంపేట, కవిటి, పలాస వంటి చోట్లే ఆ సౌకర్యం ఉంది. అయితే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం పక్కన ఉండే మనిషికి తోడుగా వెళ్లేదెవరు? ఆ రోజు కూలి సంగతేమిటి? పింఛను డబ్బు ఇంట్లో దేనికి ఖర్చవుతోంది? కొత్త నీటి రుచి నచ్చిందా? ఈ జవాబులు ఆ కుటుంబాల దగ్గరే ఉన్నాయి.

ఏళ్ల తరబడి పరీక్షలు జరిగే ప్రాంతంలో పరిశోధకుడికి మరో సమస్య ఎదురవుతుంది. రక్తం తీసుకువెళ్లినవాళ్లు ఫలితం చెప్పారా అని ఊళ్లో మొదట అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఇంటర్వ్యూ ముందుకు సాగదు. అందుకే తేలిన సంగతులను ఆ ఊళ్లోనే, వాళ్ల మాటల్లో, కూర్చోబెట్టి చెప్పడం ఇప్పుడు మంచి పరిశోధనలో తప్పనిసరి మెట్టుగా లెక్క.

కొండ ఊళ్లు, కాన్పులు

సీతంపేట, పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థల పరిధిలో సవరలు, జాతాపులు ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా విడిగా ఏర్పడింది. రోడ్డు లేని కొండశిఖర గ్రామాల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే దృశ్యాలు తెలుగు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. దీనికి పరిష్కారంగా సాలూరులోనూ, తర్వాత గుమ్మలక్ష్మీపురంలోనూ గర్భిణుల వసతి గృహాలు నడిపారు. కాన్పుకు వారాల ముందే కొండ దిగి వచ్చి, పౌష్టికాహారం తింటూ, ఆసుపత్రికి దగ్గరగా ఉండే ఏర్పాటు ఇది.

ఇలాంటి ఏర్పాటును అంచనా వేసేటప్పుడు పడకలు ఎన్ని నిండాయి అన్నది ఒక లెక్క. రాని వాళ్లు ఎందుకు రాలేదన్నది అసలు లెక్క. పోడు పనుల కాలంలో ఇల్లు వదలగలరా, మిగతా పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, అత్త ఒప్పుకుందా, అక్కడి తిండి సయిస్తుందా, మాట్లాడే నర్సుకు సవర భాష వచ్చా అన్నవి పరిశోధకుడు తీసుకెళ్లే ప్రశ్నలు. ఊరి పూజారి అయిన ఎజ్జోడిని, మంత్రసానిని ఈ చర్చలోకి పిలవకపోతే నిర్ణయం ఎక్కడ జరుగుతోందో తెలియదు. పశ్చిమ ఆఫ్రికాలో 2014లో ఎబోలా విజృంభించినప్పుడు ఇదే అనుభవమైంది. శవాన్ని కుటుంబానికి దూరంగా పూడ్చడాన్ని జనం ప్రతిఘటించారు. మానవశాస్త్రజ్ఞుల సలహాతో, బంధువులు దగ్గర ఉండి ప్రార్థన చేసుకునే సురక్షిత ఖననం పద్ధతి వచ్చాక సహకారం పెరిగింది.

నైతిక బాధ్యత

మనసు విప్పి చెప్పిన మాటకు హాని చేసే శక్తి ఉంటుంది. ఒక ఇంట్లో జబ్బు ఉందని బయటపడితే ఆ ఇంటి పిల్లలకు పెళ్లి సంబంధాలు తప్పవచ్చు. ఫలానావాడు చిల్లంగి పెట్టాడని ఒకరు అన్న మాట బయటికి పొక్కితే అవతలి మనిషి ప్రాణానికే ముప్పు. కుష్ఠు రోగుల విషయంలో కళంకం ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, 2019 దాకా మన వైవాహిక చట్టాల్లో ఆ జబ్బు విడాకులకు కారణంగా ఉండేది. ఆ ఏడాది పార్లమెంటు దాన్ని తొలగించింది. సాలూరులో కుష్ఠు మిషన్ ఆసుపత్రి దశాబ్దాలుగా పనిచేస్తున్న ఈ ప్రాంతంలో నయమైన మనిషి ఇంటికి తిరిగి వెళ్లడం వైద్య సమస్య కన్నా పెద్ద సామాజిక సమస్య.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన నైతిక మార్గదర్శకాలు సామాజిక పరిశోధనకూ వర్తిస్తాయి. అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉందని చెప్పాలి. పేర్లు, గుర్తుపట్టే ఆనవాళ్లు తీసేయాలి. చిన్న ఊళ్లో పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. "ముగ్గురు కొడుకులనూ పోగొట్టుకున్న టైలర్" అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. అనుభవజ్ఞుడైన పరిశోధకుడు ఏది రాయాలి అన్నదానితో సమానంగా ఏది రాయకూడదు అన్నదానిపైనా శ్రద్ధ పెడతాడు.

విలువ, పరిమితి

ముప్పై మందితో మాట్లాడి జిల్లా అంతటి గురించి చెప్పవచ్చా అన్నది ఈ రంగం ఎప్పుడూ ఎదుర్కొనే విమర్శ. చెప్పకూడదు, ఎంతమంది అన్న ప్రశ్నకు ఈ పద్ధతి జవాబివ్వదు. ఒక నడత ఎలా పుడుతుంది, ఎన్ని రకాలుగా ఉంటుంది అన్నది ఇది చెబుతుంది. పరిశోధకుడి సొంత అభిప్రాయాలు లోపలికి చొరబడే ప్రమాదం నిజమే. అందుకే ఒకే సంగతిని ఇంటర్వ్యూలో, పరిశీలనలో, కాగితాల్లో సరిచూస్తారు. ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి పోల్చుకుంటారు. నివేదికలో ఏమేమి ఉండాలో చెప్పే 32 అంశాల పట్టికను 2007 నుంచి పత్రికలు పాటిస్తున్నాయి. అయినా గుర్తింపు సులభంగా రాలేదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ గుణాత్మక వ్యాసాలను తోసిపుచ్చుతోందంటూ 2016లో 76 మంది ప్రముఖ పరిశోధకులు బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది.

ఈ వృత్తిలో ప్రతిఫలం ఆలస్యంగా వస్తుంది. బెనర్జీ పేరు కన్నా ఆయన తేల్చిన సంగతి ఎక్కువ కాలం నిలిచింది. జనాన్ని తప్పుపట్టే ముందు సేవను పరీక్షించాలన్నది ఆ సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు వైద్య కళాశాలలు ఉన్నాయి, పలాసలో పరిశోధన కేంద్రం ఉంది, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇక్కడి మాట తెలిసిన యువ పరిశోధకులకు ప్రాజెక్టు ముగిసినా చెదిరిపోని స్థిరమైన ఉద్యోగాలు ఈ సంస్థలు కల్పించాలి. పథకం విఫలమయ్యాక కారణం వెతకడానికి సామాజిక శాస్త్రవేత్తను పిలవడం కన్నా, పథకం రాసే రోజునే ఆ బల్ల దగ్గర కుర్చీ వేయడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.